వలలారేసే జాగలో దారి

శామీర్‌పేట, ఆదివారం రాత్రి

చివరి రోజుల్లో ఉన్నవారి కోసం మేం చందాలతో కడుతున్న ఇంటికి ఇవాళ దారి దొరికింది.

ఉదయం కాలనీ అధ్యక్షుడు రావుగారు చెక్కు ఇస్తూ, "గేటు మాత్రం మా రోడ్డు వైపు వద్దండీ మామ్మగారూ, పొద్దున్నే శవం ఎదురొస్తే బాగోదు" అన్నారు. షరతు పెట్టి ఇచ్చినదాన్ని విరాళంగా జమ రాయలేనని చెక్కు అక్కడే తిరిగిచ్చేశాను. ఆ డబ్బు లేనిదే పైకప్పు వేయలేం. అక్కడ మొదట చేరాల్సిన సరోజకు క్యాన్సర్ ముదిరిందని తెలిసి ఇంటి యజమాని ఖాళీ చేయమంటున్నాడు. చావు జరిగిన ఇంట్లోకి మళ్లీ ఎవరూ అద్దెకు రారట.

మధ్యాహ్నం స్థలం వెనక ఉండే మల్లమ్మ వచ్చింది. వాళ్లది చేపలు పట్టే కుటుంబం.

"గేటు మా దిక్కు పెట్టుండ్రి అవ్వా. వలలారేసే జాగల తొవ్వ ఇడుస్తం."

"శవాలు వెళ్తాయి మల్లమ్మా. మీవాళ్లను అడిగావా?"

"అడిగిన. అయితే ఏంది? మీ కాలనీల ఎవ్వలు సావరా?"

నవ్వు ఆపుకోలేకపోయాను.

సాయంత్రం సంగతి తెలిసి రావుగారు అదే చెక్కుతో వచ్చారు. షరతేమీ లేదని ఆయన నోట అనిపించి రసీదు ఇచ్చాను. చెడ్డవాడు కాదు, భయస్థుడు. ఆయనకూ నమస్కారమే, కానీ మొదటిది మల్లమ్మకు.

వెంటనే వెళ్లి సరోజకు చెప్పాను. చాలాసేపు నా చెయ్యి వదల్లేదు.

"అక్కడ నన్నెవరూ ఖాళీ చెయ్యమనరుగా పిన్నిగారూ?"

"అనరమ్మా."

పని పూర్తికాకుండా ఎవరికీ మాట ఇవ్వను నేను. ఇచ్చేశాను. పైకప్పు వేసేదాకా తను ప్రాణాలతో ఉంటే చాలు.