ముత్తాత వేయించిన లైను

శుక్రవారం, నంద్యాల

మా ఊరి రైలు చరిత్ర రాస్తున్నానని తెలిసి, రిటైరైన గ్యాంగ్‌మన్ మద్దిలేటన్న ఈరోజు నన్ను పాణ్యం వైపు పట్టాల పక్కకు తీసుకెళ్లాడు. తుమ్మచెట్ల మధ్య వరసగా పాతిన రాళ్లు చూపించాడు.

"లైను వేసేటప్పుడు కలరాతో పోయిన కూలోళ్లమ్మా. పని నిలబడకూడదని, ఊపిరున్నోళ్లను గూడా పూడ్పించినాడంట మేస్త్రీ."

"ఎవరన్నా ఆ మేస్త్రీ?"

ఆయన నా ముఖం చూడలేదు. "మీ ముత్తాతేనమ్మా."

స్టేషన్ దగ్గర మా వీధిని నిలబెట్టింది ఆయనేనని చిన్నప్పటి నుంచి గొప్పగా చెప్పుకున్నాను. నా పుస్తకంలో మొదటి అధ్యాయం ఆయనదే.

అబద్ధమంటాడనుకుని ఇంటికొచ్చి నాయనను అడిగాను. ఆయన అన్నం కంచం పక్కకు జరిపాడు.

"నా చిన్నప్పుడు మా జేజినాయన, అదే మీ ముత్తాత, చెవులు మూసుకోని కూచునేటోడు. మట్టి కిందనుంచి నీళ్లు అడుగుతాండారు అనేటోడు. ఇది యాడా రాయబాకమ్మా."

రాయనని మాటివ్వలేకపోయాను. ఇప్పుడు ఆ అధ్యాయం చించేసి, చనిపోయినవాళ్ల గురించి రాయబోయాను. ఒక్కరి పేరు కూడా తెలియదు. మేస్త్రీ పేరొక్కటే తెలుసు...