షెడ్డు మధ్య గోడ

మరిదికి, వదిన చల్లగా ఉండమని దీవించి రాస్తున్నది.

మీ అన్నయ్య ఉత్తరాలు రాయరని నీకు తెలుసు. వెల్డింగ్ ముసుగు తీసినా ఆయన మొహంలో ఏముందో కనబడదు. అందుకే నేను రాస్తున్నాను.

చిన్న యూనిట్లకే పన్ను రాయితీ అని ప్రభుత్వం అన్నప్పుడు, మన కుర్చీల షెడ్డును కాగితం మీద రెండుగా చూపించాం. తనిఖీకొచ్చిన ఆఫీసరు "మధ్యలో గోడేదీ?" అంటే గోడ కట్టాం. ఇటు ఫ్రేములు చేయడం మీ అన్నయ్యది, అటు రంగులెయ్యడం నీది. ఫ్రేములు అందించుకోవడానికి వదిలిన కిటికీలోంచి టీ గ్లాసులూ వేళాకోళాలూ కూడా వెళ్లేవి. ఎదిగితే రాయితీ పోతుందని పెద్ద ఆర్డర్లు వెనక్కి పంపాం. "ఎన్నాళ్లన్నయ్యా ఈ గొర్రెతోక బెత్తెడు వ్యాపారం?" అన్నావు నువ్వు. మాటా మాటా పెరిగింది. ఆ కిటికీని ఇటుకలతో మూసిందెవరో ఇప్పుడు తవ్వుకోవద్దు. నువ్వేమో పరాయి ఊళ్లో ఎవరి కుర్చీలకో రంగులేస్తున్నావు.

మొన్న అదే ఆఫీసరు మళ్లీ వచ్చాడు. కొత్త విధానమట, ఇకమీదట పెద్ద యూనిట్లకే సాయమట. "ఇంత షెడ్డుకి మధ్యలో ఈ గోడెందుకండీ?" అన్నాడు. మీ అన్నయ్య ముసుగు దించుకుని మళ్లీ వెల్డింగ్‌లో పడ్డారు.

నిన్న ఒక ఫ్రేము పూర్తవగానే, అలవాటు చావక, గోడవైపు తిరిగి "పట్టుకోరా" అన్నారు. తర్వాత దాన్ని కింద పెట్టకుండా అలాగే నిలబడిపోయారు. నేనే వెళ్లి అందుకున్నాను.

గోడ కొట్టించడానికి మేస్త్రీని పిలవనా అని అడిగాను.

"అందులో సగం వాడిది. వాడు లేకుండా నేనెలా ముట్టుకుంటాను?" అన్నారు.

మీ వదిన