అరగంట ముందున్న పుంగనూరు

కుప్పం

అక్కకు,

కుప్పం అనే దూరదేశం నుంచి నీ తమ్ముడు చంద్ర దండాలు. ముందుగా క్షమాపణ. ఇందులో రాసిన నా ఘనకార్యాలు చదివి, నన్ను చూడ్డానికి మన కురబలకోట జనమంతా బస్సులెక్కితే, ఆ తొక్కిసలాటకు పూర్తి బాధ్యత నాదే. పెద్ద మనసుతో మన్నించు. ఫోన్‌లో చెబుదామంటే బావ స్పీకర్ పెట్టి వీధికంతా వినిపిస్తాడు. అందుకే కాగితం.

నువ్వు, బావ, పాప బాగున్నారా? గొర్రెలు ఈనాయా? నేను బాగున్నాను. తిండి బాగుంది. చలి ఉంది, అదీ బాగుంది. మెస్సులో రాగి సంగటి అడిగితే నన్ను అదోలా చూశారు, ఆ చూపూ బాగానే ఉంది. ఎవరైనా ఇటు వచ్చేటట్టుంటే సంగటిలో నంజుకోవడానికి డబ్బాలో కాస్త ఊరిమిండి పచ్చడి పెట్టి పంపు.

ఆఫీసంటే ఎరువుల అంగడి మీద ఒక గది. అందులో ఉద్యోగి నేనొక్కడినే. మిగతావాళ్లు బెంగళూరులో ఉండి కంప్యూటర్ తెర మీద కనిపిస్తారు. మాటలు అయిపోగానే తెర నల్లబడి అందులో నా మొహం కనిపిస్తుంది. దానితో మాత్రం బాగా కలిసిపోయాను.

పనేమిటని అడిగావు కదా. మా కంపెనీ మదనపల్లె, పుంగనూరు, కుప్పంలో రైతుల దగ్గర టమాటా తీసుకుంటుంది. గేటులో ఒక్కొక్కరి సరుకుకు ఒక్కో నంబరు ఇవ్వాలి. మూడుచోట్లా ఒకటి, రెండు అంటూ పోతే ఏడో నంబరు రైతులు ముగ్గురు తయారవుతారు. ఒక గేటు ఇంకో గేటును అడిగి ఇద్దామంటే నెట్ సరిగా ఉండదు. అందుకని గేటులో ఉన్న ఫోనే ఎవర్నీ అడక్కుండా ఒక పొడుగు నంబరు పుట్టిస్తుంది. ముందు భాగం అప్పటి టైము, వెనక భాగం ఇష్టమొచ్చిన అంకెలు. ఏ రెండూ ఒకటి కావు, వరసగా పేరిస్తే ముందొచ్చినవాళ్లు ముందుంటారు. సాయంత్రం మూడుచోట్లా తిరిగే లారీలో ఆ వరసనే చోటు ఇస్తాం. నిండిపోతే మిగిలిన సరుకు మర్నాటికి. ఈ ఏర్పాటంతా రాసిన మహానుభావుడు నీ తమ్ముడే.

పోయిన వారం పుంగనూరు నుంచి గంగులమ్మ అనే రైతు ఫోన్ చేసింది. ఆమె పెట్టెలు వరసగా రెండుసార్లు మిగిలిపోయాయి.

"మా మరిది మదనపల్లె గేటుకి నా కంటే ఎనక పోయినాడప్పా. వానివి లారీ ఎక్కినాయి, నావి యాల ఎక్కలేదు? ఈడ కాయలు నీళ్లు కారతాండాయి. ఇంగొక తూరి ఇట్లయితే మీ గేటు తొక్కను, సూడు."

నంబర్లు తీసి చూశాను. పుంగనూరు నుంచి అప్పుడే వచ్చిన నంబరులో ఇంకా రాని టైముంది. అక్కడ కాలం అరగంట ముందు నడుస్తోంది. మా సారుకు తెర మీద గంభీరంగా విన్నవించాను, "స్థల పరిశీలన తప్పదు సార్." మర్నాడు పొద్దున్నే పలమనేరు మీదుగా పుంగనూరు చేరాను.

గేటు చూసుకునే మునెప్పను ఫోన్‌లో టైము సంగతి అడిగితే నవ్వాడు. "టైము నేనే అరగంట ముందుకి పెట్టింటానప్పా. లేకుంటే ఇంటికి పోయే బస్సు తప్పిపోతాది. మా ఇంట్లో గోడ గడియారం గూడా అంతే."

"మరి అసలు టైము ఎట్ల తెలుస్తాది అన్నా?"

"అరగంట తీసేసుకుంటాను గదా."

"నువ్వు తీసేసుకుంటావు. నంబరు తీసేసుకోదు."

పక్కనున్న గంగులమ్మ అందుకుంది. "నీ బస్సు కోసరం నా కాయలు కుళ్లబెడితివా మునెప్పా?" ఆయన తల గోక్కున్నాడు.

టైము సరిచేశాం. ఆ పొద్దు ఇచ్చిన నంబర్ల వరసనూ దిద్దాను. సాయంత్రం గంగులమ్మ పెట్టెలన్నీ లారీ ఎక్కాయి. అంతకుముందు మధ్యాహ్నం ఆమె, "సంగటి తింటివా అప్పా?" అని అడిగి, నా జవాబు కోసం చూడకుండానే క్యారియర్ విప్పింది. తిరిగి వచ్చేటప్పుడు బస్టాండులో మన ఊరి వైపు పోయే మదనపల్లె బస్సు నిలబడి ఉంది. ఎక్కితే మళ్లీ కుప్పం రానని తెలిసి ఎక్కలేదు. కోప్పడకు.

పెద్దమ్మకు, వీధిలో పెద్దలందరికీ నా నమస్కారాలు. పాపకు ముద్దులు. నన్ను చల్లగా ఉండమని దీవించు, చలి మాత్రం ఇక్కడే చాలినంత ఉంది.

ఇక నిజం చెబుతాను. టైము దానంతట అదే సరిచూసుకునేట్టు పెట్టమని మునెప్పకు ఫోన్‌లో ఒక్క మాట చెబితే సరిపోయేది. ఆ సంగతి నంబరు చూసినప్పుడే నాకు తెలుసు. మన మాట మాట్లాడేవాళ్ల మధ్య ఒక పూట కూర్చోవాలనిపించింది. పోయి కూర్చున్నాను. నిజానికి నేను చేసింది అదొక్కటే.

నీ తమ్ముడు
చంద్ర