కుళాయికి తాళం

మార్చి 9
మోప్కా ఊళ్ళో మావయ్య పెరట్లో పెసలు చల్లాను. ఒక మడిలో బెల్లం నీళ్ళలో కలిపిన బ్యాక్టీరియా కల్చర్ పట్టించిన గింజలు. పక్క మడిలో ఉత్తవి, అంటే కంట్రోల్. నీళ్ళు ఆపేశాక మొదటిది నిలబడాలి, రెండోది వాడిపోవాలి. అది చూపించకపోతే జూన్‌లో నా ఫెలోషిప్ కట్.

త్రినాథరావు మావయ్య రిటైర్డ్ రైల్వే గార్డు. ఇప్పటికీ లోకానికంతటికీ పచ్చజెండా తనే ఊపాలనుకుంటాడు. గింజలకి పురుగులు పుయ్యడమేటి, ఇదేటి చదువే అన్నాడు. పంతానికి మూడో మడి కట్టి, నా ఉత్త గింజలే చల్లాడు. నీ మందు దీని ఛాయలకి రాకూడదని వార్నింగ్ కూడా. పొగరు చూడాలి!

మార్చి 27
నీళ్ళు బంద్. పెరటి కుళాయికి తాళం వేసి చెవి పర్సులో పెట్టుకున్నాను. ఆయన మడికీ నీళ్ళు లేవు, పోస్తే తడి ఇటు పాకుతుంది. నా పెరట్లో నాకే తాళమేటని వీధి వినేలా అరిచాడు. అరవనీ.

ఏప్రిల్ 11
కంట్రోల్ మడి పచ్చగా ఉంది!

ఏప్రిల్ 11, సాయంత్రం
మావయ్యని అడిగేశాను. ఇంట్లోంచి బిందెలు మోసి పోస్తున్నది నువ్వేగా అని. ఆయన మడి మాడిపోయింది, నిజమే. నా ప్రయోగం చెడగొట్టడానికి తన మొక్కలు చంపుకోడా? చంపుకుంటాడు. ఇన్నేళ్ళ డ్యూటీలో నన్నెవడూ దొంగనలేదే అన్నాడు. అచ్ఛా, అయితే దయ్యం వచ్చి పోసిందా అన్నాను. కంచం ముందునుంచి లేచిపోయాడు. నేను మాత్రం కడుపునిండా తిన్నాను.

ఏప్రిల్ 14
జయలక్ష్మి అత్త బెండకాయలు తరుగుతూ చెప్పింది. చల్లిన రోజు బకెట్‌లో మిగిలిన కల్చర్ నీళ్ళు కంట్రోల్ మడిలో పోసిందట. పారబొయ్యమన్నాను కదత్తా అంటే, బెల్లం కలిపిన నీళ్ళు తొక్కే చోట పోస్తామేటే, పాపం కాదేటి అంది. పైగా ఆ మడికి నువ్వేటీ పెట్టలేదని జాలేసిందట. నా ఖర్మ!

అంటే కల్చర్ పని చేసింది. అందుకే రెండూ బతికాయి. కానీ అది పడని మడి పక్కన పెట్టి చూపించకపోతే కాలేజీలో మేడమ్ నమ్మదు.

పడని మడి ఒక్కటే ఉంది. మావయ్యది.

ఏప్రిల్ 15
సారీ చెప్పాను. ముల్లు మింగినట్టుంది. నీ మడి శాంపిల్‌గా కావాలన్నాను. పేపరు తిప్పాడు, అంతే. ఓడిపోయానని ఒప్పుకోవడం కంటే నా ఫెలోషిప్ పోవడమే ఇష్టం ఈ మనిషికి.

ఏప్రిల్ 16
మూడో మడి ఖాళీ. ఒక్క మొక్క లేదు. పీకేశాడు. ఛీ!

ఏప్రిల్ 16, మధ్యాహ్నం
నా స్కూటీ మీద గోనెసంచి. లోపల ఎండిన పెసర మొక్కలన్నీ. ఒక్క వేరు తెగకుండా, మట్టితో సహా తవ్వి తీశాడు.

తాళంచెవి ఇవ్వబోయాను. చెయ్యి చాపలేదు.