సీతాకోకచిలుక కింద సొట్ట

1వ తేదీ, సోమవారం. ఉదయం 6:15
తీర్మానం! ఈ నెలాఖరులోపు కారు అమ్మేస్తాను. అదీ ఉన్నదున్నట్టు! ఒక్క గీత చెరపను, ఒక్క సొట్ట తీయించను. ఆఫీసు మా వీధి చివరికే మారింది. ఇక కారెందుకు?

సోకులు చేసి అమ్మేవాడు వెర్రివాడు. కొనేవాడికి కావలసింది ఇంజను. మాది బంగారం లాంటి ఇంజను!

6:40. గాయాల జాబితా:
– ముందు బంపరు మీద మూడు గీతలు. మా ఆవిడ డ్రైవింగ్ నేర్చుకున్న రోజులవి.
– బానెట్ మీద నొక్కు. ఎవరో పిల్లల బంతి.
– ఎడమ వెనక తలుపు మీద పెద్ద సొట్ట. పక్కింటి ఫొటోగ్రాఫరు వ్యాను గుద్దింది.

6:55. డైరీలో కూడా అబద్ధం దేనికి? ఆ సొట్ట నాదే. నాలుగేళ్ళ కిందట రివర్సు చేస్తూ మా గేటు స్తంభానికే కొట్టాను. "ఎవరు గుద్దారండీ?" అని మా ఆవిడ అడిగేసరికి ఎదురుగా పక్కింటివాళ్ళ నీలం వ్యాను కనబడింది. నోరు జారింది. సొట్టలో అంటుకున్న స్తంభం ఆకుపచ్చ రంగు మీద పెద్ద సీతాకోకచిలుక స్టిక్కరు అంటించాను. వారం తిరక్కుండా గేటుకీ, స్తంభాలకీ గోధుమరంగు వేయించాను. ఇంటి మీద శ్రద్ధ పెరిగిందని మా ఆవిడ మెచ్చుకుంది కూడా.

2వ తేదీ. ఉదయం 8:00
"ఆ సొట్ట తీయించండి. చూసినప్పుడల్లా ఒళ్ళు మండుతోంది," అంది మా ఆవిడ.
"తీర్మానం తీర్మానమే," అన్నాను.

పక్కింటి ఫొటోగ్రాఫరు భార్యా, ఈవిడా ఒకప్పుడు ఒకే ప్రాణం. ఇద్దరికీ కలిపి ఒకే కుట్టుమిషను. నెల ఇక్కడ, నెల అక్కడ. ఆ సొట్ట మీద గొడవైన రోజున అది అక్కడుంది. అక్కడే ఉండిపోయింది. నాలుగేళ్ళుగా మా కర్టెన్లు పిన్నీసుల మీద బతుకుతున్నాయి. చూసినప్పుడల్లా చెప్పేద్దామనుకుంటాను. ఊడిన పిన్నీసు ఒకటి సర్ది వచ్చేస్తాను.

4వ తేదీ. సాయంత్రం 5:30
మొదటి బేరం. బ్యాంకు ఉద్యోగి. బంపరు చూసి, "ఎవరు నడిపారండీ దీన్ని?" అని నవ్వాడు. మా ఆవిడ పక్కనే ఉంది. బేరం పోయింది. నా కాఫీ కూడా పోయింది.

5వ తేదీ
బంపరు ఒక్కటే! ఇది మరమ్మతు కాదు, ఆత్మగౌరవం. గీతల మీద పూసే రంగుపెన్ను కొన్నాను. కారు తెలుపు, పెన్ను తెలుపు. పూశాక చూస్తే రెండు తెలుపులకీ చుట్టరికం లేదు. మూడు గీతలు దూరం నుంచి కనబడేవి కావు. ఇప్పుడు వీధి మలుపు నుంచే కనబడుతున్నాయి.

6వ తేదీ
రంగుల మేస్త్రీని పిలిచాను. బంపరు మొత్తం వేశాడు. అద్భుతం! దాని పక్కన బానెట్‌కి కామెర్లు వచ్చినట్టుంది.

7వ తేదీ
బానెట్ కూడా. ఇక ఆఖరు. ఒట్టు.

8వ తేదీ
కుడి తలుపులు రెండూ. ఎడమ ముందు తలుపూ. డిక్కీ. (మేస్త్రీదే తప్పు. మరీ అంత బాగా వేయాలా?)
"ఆ సీతాకోకచిలుకనీ లేపేద్దామా సార్?"
"దాని జోలికి వెళ్ళకు!" అరిచాను. మేస్త్రీ నన్ను అదోలా చూశాడు.

9వ తేదీ. ఉదయం 9:30
రెండో బేరం. రిటైరైన టీచరుగారు. కారు చుట్టూ తిరిగి, జాలిగా నా భుజం తట్టారు. "ఒళ్ళంతా కొత్త రంగే. ఎంత పెద్ద యాక్సిడెంటు బాబూ? అందరూ బాగున్నారా?" వెళ్ళిపోయారు.

10వ తేదీ. మధ్యాహ్నం 3:00
తీగ లాగితే డొంకంతా కదిలింది.
మా ఆవిడే మేస్త్రీని పిలిపించింది. వేడినీళ్ళు పోసి స్టిక్కరు ఊడదీశాడు.
"అమ్మా, మీ కారుని గుద్దిన బండి ఆకుపచ్చదా?"
"కాదే, నీలం వ్యాను."
గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, నేను వెళ్ళి గేటు స్తంభానికి అడ్డంగా నిలబడ్డాను. మా ఆవిడ నన్ను పక్కకి జరిపి, తాళంచెవితో స్తంభాన్ని గీకింది. గోధుమరంగు కింద ఆకుపచ్చ.

5:00. తాళంచెవికి అంటిన రంగు ఇంకా తుడుస్తూనే ఉంది. తిడితే బాగుండును.

11వ తేదీ. ఉదయం 10:00
నన్ను వెంటబెట్టుకుని పక్కింటికి వెళ్ళింది. తలవంచుకుని అంతా చెప్పాను.
"నాకు తెలుసు అన్నయ్యగారూ," అంది ఫొటోగ్రాఫరు భార్య. "ఆ రోజు బాల్కనీలో బట్టలు ఆరేస్తున్నాను. అంతా చూశాను."
"మరి మా ఆవిడకి చెప్పలేదేం?"
"చెప్పకేం! ఈవిడే నమ్మలేదు. 'మా ఆయన అబద్ధం ఆడే మనిషి కాదు' అని నా మొహం మీదే తలుపేసింది."
మా ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తోంది. నాకు ఇంత సిగ్గు ఎప్పుడూ వేయలేదు.

13వ తేదీ
కుట్టుమిషను మా ఇంటికొచ్చింది. మోసింది నేనే. ఒంటరిగా. అదీ శిక్షలో భాగమట. కర్టెన్లకి పిన్నీసుల నుంచి విముక్తి! సొట్ట మాత్రం తీయించకూడదని ఆర్డరు. "వచ్చినవాళ్ళకి అది ఎవరు చేశారో మీ నోటితోనే చెప్పాలి."

14వ తేదీ, ఆదివారం. ఉదయం 10:20
పదకొండింటికి మూడో బేరం. కడుగుదామని కారు రివర్సు చేశాను.
టక్!
అదే స్తంభం. ఈసారి కొత్త రంగు వేసిన డిక్కీ.
"ఏమిటండీ ఆ చప్పుడు?" మా ఆవిడ గొంతు.
ఎదురుగా నీలం వ్యాను. అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.
"నేనే! నేనే గుద్దాను!"
"తెలుసు."
తలెత్తి చూశాను. పక్కింటి బాల్కనీలో ఇద్దరూ కాఫీ కప్పులతో నిలబడి ఉన్నారు.
"ఏమంటారో విందామని అడిగాను," అంది మా ఆవిడ. నాలుగు రోజుల తర్వాత ఇవాళే నవ్వింది.

10:45. తీర్మానం! ఈ నెలాఖరులోపు కారు అమ్మేస్తాను. ఉన్నదున్నట్టు. ఒక్క గీత చెరపను, ఒక్క సొట్ట తీయించను.
(డిక్కీ ఒక్కటే. చిన్నదే.)