పండు మీద అలక

నైట్ షిఫ్ట్ చేసి ఇప్పుడే పడుకున్నారు కదా, లేపబుద్ధి కాలేదు. నేను స్కూలుకు వెళ్తున్నాను. లేచాక పండుకు మీరే తిండి పెట్టాలి. ఉడికించిన చికెన్ ఫ్రిజ్‌లో ఉంది, ఉప్పు, ఉల్లిగడ్డ ఏమీ వెయ్యలేదు. కాస్త వెచ్చచేసి పెట్టండి. చల్లగా ఉంటే వాసన తెలియడం లేదేమో, ముట్టుకోవట్లేదు. ఒక్కసారే కాకుండా కొంచెం కొంచెంగా పెట్టండి. నొప్పి గోళీ మాత్రం అది తిన్నాకే వెయ్యండి. ఎంత దీనంగా చూసినా బిస్కెట్లు మాత్రం ఇవ్వకండి, ఈ క్యాన్సర్‌కు తీపి వద్దన్నారు.

మొన్న మిమ్మల్ని కరవబోయినప్పటి నుంచి మీరు దాన్ని పేరు పెట్టి పిలవడమే మానేశారు. నిన్న ఉప్పల్‌లో డాక్టరుకు ఆ సంగతి చెప్పాను. "గడ్డ పొట్ట కిందికి పెరిగింది మేడం. సార్ ఎత్తుకుంటే నొచ్చి ఉంటది. సార్ మీద దానికి కోపమేం లేదు" అన్నాడు. మీరు ఎప్పటిలాగే పొట్ట కింద చేతులు వేసి ఎత్తారు కదా, అదీ సంగతి. ఇకనుంచి ఎత్తకండి. పక్కన కూర్చుంటే చాలు, అదే వస్తుంది.

"చేతుల మీద సాదిన కుక్కతోని గింత అలకేంది వీనికి?" అని అత్తమ్మ పొద్దున్నుంచి ఒకటే నవ్వు.

స్వర్ణ

ఇది రాస్తుండగానే పండు మెల్లగా మీ గదిలోకి వెళ్లింది. మీ చెయ్యి మంచం మీంచి వేలాడుతుంటే దాని కిందే తల పెట్టి నిద్రపోయింది. దిగేటప్పుడు కాస్త చూసి కాలు పెట్టండి.