ఆరో పాట దిద్దకూడదు

అశోక్‌నగర్ వాస్తవ్యుడిని, అరవై మూడేళ్లవాడిని, జాజ్ గిటారిస్టుని అయిన కాశీవిశ్వనాథం అనే నేను, రేపు ఉదయం మెడ వెన్నుపూసకు ఆపరేషన్ ఉన్నందున, ఎవరి బలవంతమూ లేకుండా ఈ వీలునామా కుడిచేత్తో రాస్తున్నాను. ఎడమచేతి వేళ్లకు స్పర్శ తగ్గింది. బుద్ధికి ఏ లోపమూ లేదు.

1. 2012 జూన్‌లో మా ముందుగదిలో ఫ్యాన్ ఆపుకుని, ఒక్క గిటారుతో, మూడు మధ్యాహ్నాలు నేను రికార్డు చేసుకున్న ఎనిమిది పాటల ఆల్బమ్ మీద సర్వహక్కులూ నా కుమార్తె కీర్తనవి. అసలు రికార్డింగున్న మెమరీ కార్డు ఇవాళే ఆమె చేతికిచ్చాను.

2. ఆరో పాట మధ్యలో నా ఉంగరపు వేలు తీగ మీద నిలవలేదు. ఆపేశాను. వంటింటి గుమ్మంలోంచి నా భార్య రాజ్యలక్ష్మి, "ఆపకండి, ఉన్న వేళ్లతోనే కానివ్వండి" అంది. మిగతాదంతా రెండు వేళ్లతో వాయించాను. మరుసటి ఏడాది ఆమె పోయింది. ఆమె గొంతు ఇంకెక్కడా రికార్డయి లేదు.

3. పాతికేళ్లు నా పక్కన బేస్ గిటారు వాయించిన సూర్యప్రకాశరావు, గత నెల నారాయణగూడలో తన స్టూడియోకి పిలిచి ఆల్బమ్ వినిపించాడు. తప్పిన స్వరాలన్నీ కంప్యూటర్లో దిద్దాడు. ఆరో పాటలో రాజ్యలక్ష్మి మాట లేదు. "ఆ చప్పుడు కూడా తీసేశాను" అన్నాడు. లేచి వచ్చేశాను. ఇప్పటిదాకా మాట్లాడలేదు. అతను దిద్దిన ప్రతిని ఎవరూ విడుదల చేయరాదు. చేస్తే కీర్తన మొహమాటపడకుండా కోర్టుకు వెళ్లాలి.

అయితే నిజం రాయాలి. తప్పులు దిద్దమని అతనికి కాపీ ఇచ్చింది నేనే. నా గిటారు సూర్యప్రకాశరావుకే చెందాలి. దాని మెడ వంగితే సరిచేయడం అతనికే తెలుసు.

4. పక్క హాస్టల్లో ఉండి గ్రూప్స్‌కి చదువుతున్న మహేశ్వరికి నా రాతబల్ల. ఆ మూడు రోజులూ తోటి పిల్లలతో "సారు వాయిస్తుండు, జర మెల్లగ చదువుండ్రి" అని చెప్పి హాస్టల్ గుమ్మంలో కాపలా నిలబడింది.

5. దీన్ని అమలు చేయవలసింది కీర్తన. అమ్మా, రేపు నేను బతికి, చెయ్యి బాగుపడితే, ఆరో పాట మళ్లీ సరిగ్గా వాయిస్తాను, పాతది చెరిపేయడానికి కార్డు ఇవ్వమని నిన్ను అడుగుతాను. తప్పు వినబడితే ఊరుకోలేను, నా సంగతి నాకు తెలుసు. బతికున్నవాడి మీద వీలునామా చెల్లదు. కనుక ఇది నాన్న మాటగా ఉంచుకో. నేను అడిగినా ఇవ్వకు.

18 ఫిబ్రవరి 2014, అశోక్‌నగర్, హైదరాబాద్.

(సంతకం) కాశీవిశ్వనాథం

మా ఎదుట సంతకం చేశారు:
రామచంద్రం, నల్లకుంట
రమ్య, న్యాయవాది, చిక్కడపల్లి